ఒక తలుపుకు రెండు తాళాలు

ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, మద్రాసు ఈ పక్కనే ఉండిపోయిన తర్వాత నన్ను ఆ బడికి హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. వ్యాసర్పాడిలో రైల్వే యార్డును ఆనుకుని ఉన్న ఎలిమెంటరీ బడి. ఒకే కప్పు కింద తెలుగు తరగతులూ తమిళ తరగతులూ నడిచేవి. నా గది ఆ రెంటికీ నడుమ ఉండేది. గది అన్నమాటే గాని, అటొక తలుపు, ఇటొక తలుపు ఉన్న ఇరుకు సందు. కుర్చీలో కూర్చుంటే ఒక చెవిలో తెలుగు ఎక్కం, ఇంకో చెవిలో తమిళ పద్యం పడేవి. వాకిట్లోకి పోవాలన్నా ఎవరో ఒకరి తరగతి దాటే పోవాలి.

బడికంతటికీ విశాలమైనది ఒక్కటే హాలు. యార్డుకు దూరంగా, వీధివైపు ఉండేది. అందులో తెలుగు అయిదో తరగతి కూర్చునేది. తలుపు మీద ‘తెలుగు విభాగం’ అని నీలిరంగుతో రాసిన బోర్డు ఉండేది. తెలుగు పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. తమిళ పిల్లలు యార్డువైపు చిన్నగదిలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున తమిళ అయిదో తరగతి వాద్యారు నా దగ్గరికి వచ్చి, హాలు తన తరగతికి ఇవ్వమన్నారు. ఆయన పెద్దాయన, మితభాషి. పిల్లల్ని కొడతాడని పేరు. ఆలోచించి చెప్తానన్నాను. ఆ మాట హాల్లో ఉన్న తెలుగు టీచరు చెవిన పడింది.

మర్నాడు హాలు తలుపుకు ఇత్తడి తాళం వేలాడుతోంది. తెలుగు పిల్లల తండ్రులు వేశారు. తాళంచెవి టీచరమ్మ దగ్గర. ఆ పై రోజు దాని పక్కనే ఇనుప తాళం. అది తమిళ పిల్లల తండ్రులది. దాని చెవి వాద్యారు దగ్గర. హాలు తేలేదాకా తమ పిల్లల్ని చిన్నగదిలో కూర్చోనివ్వమని కూడా వాళ్ళు పట్టుబట్టారు. రెండు తరగతులూ వరండాలో పడ్డాయి. ఎండ జరిగేకొద్దీ పిల్లలు గోడకు ఒదుగుతూ జరిగేవాళ్ళు. ఆ రెండు వరుసల మధ్య నించి నేను అటూ ఇటూ నడిచేదాన్ని. లోపల హాలు ఖాళీగా ఉండేది.

నేను తెలుగుదాన్ని. హాలు తెలుగువాళ్ళకు ఉంచితే ‘తనవాళ్ళకు ఇచ్చుకుంది’ అంటారు. తమిళవాళ్ళకు ఇస్తే ‘మనదై ఉండీ మనల్ని అమ్మేసింది’ అంటారు. పైగా నేను కాపురమున్నది ఆ తెలుగు పిల్లల వీధిలోనే. కుళాయి దగ్గరికి బిందెతో వెళ్తే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. నేను నీళ్ళు పట్టుకుని నాలుగడుగులు వేశాక మళ్ళీ మొదలయ్యేవి. ఇంట్లో మంచంపట్టిన అమ్మ ఉంది. ఉద్యోగం వదిలిపెట్టే దారి లేదు.

బడి నడిపే కరస్పాండెంటుగారికి సౌకార్‌పేటలో బట్టల కొట్టు. కబురు పెడితే వెళ్ళాను. బేళ్ళ మధ్య నిలబడే మాట్లాడారు.

“ఏంమ్మా, తాళాలంట కదా. శుక్రవారం లోపల తీయించు. నీ చేత కాకుంటే చెప్పు, తెలుగు సెక్షను మూసేసి పిల్లల్ని వేరే బడికి పంపిస్తాం. ఈడ ఇంక తెలుగెవురికి కావాల?”

ఆయనా తెలుగాయనే. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో, ఆ కొట్టున్న సందులోంచి బయటికొస్తుంటే నాకు ఊపిరాడలేదు. ఇటు చేతిబండ్లు, అటు మూటలు మోసే కూలీలు. ఇంటికి పోబుద్ధి కాలేదు, బడికీ పోబుద్ధి కాలేదు. బేసిన్‌బ్రిడ్జి దాకా నడిచి, రైలెక్కి తిరువొత్తియూరులో దిగాను.

అక్కడ సముద్రం దగ్గర మా పెద్ద టీచరమ్మ ఉండేది. నేను ట్రైనింగు చదివేటప్పుడు ఆమె బడిలోనే పాఠం చెప్పడం నేర్చుకున్నాను. రిటైరై, చర్చి వెనక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. నేను వెళ్ళేసరికి చాటలో మునగాకు దూస్తోంది. ఒక రెమ్మ నా చేతిలో పెట్టి, “నువ్వూ దుయ్యి. దూస్తా చెప్పు” అంది.

చెప్పాను. చాట నిండేదాకా చెప్పాను. ఆమె అడ్డు రాలేదు.

“సరే. ఆ వాద్యారికి ఏం కావాలంట?”

“హాలు కావాలంట.”

“హాలెందుకంట?”

“తమిళులు ఎక్కువైపోయారు గదా, ఇంక బడంతా తమదేనని...”

“అది ఆయన చెప్పినాడా?”

చెప్పలేదు. నేను అడగలేదు.

“టీచరమ్మకి హాలెందుకంట?”

“పంతం. ముందునించీ తనది కాబట్టి.”

“అదీ నువ్వు చెప్పేదే. ఇద్దరి తరపునా నువ్వే మాట్లాడుకుంటా ఉండావు కదే. ఇంక ఊపిరెట్లా ఆడుతుంది?” ఆమె కాడలన్నీ ఏరి పక్కన పెట్టింది. “పోయి ఒకరొకర్నిగా కూర్చోబెట్టుకో. తీర్పు మనసులో పెట్టుకుని పోవాకు. ఆయన చెప్పింది ఆయనకే తిప్పి చెప్పు. ‘అవును, అదే’ అనేదాకా నీ మాట కలపొద్దు. రెండు పక్కలా అయినాక ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఏం చేద్దామని వాళ్ళనే అడుగు.”

“అడిగితే తేలుతుందా?”

“తేలకపోవచ్చు. ఇప్పుడు మాత్రం ఏం తేలి ఉండాది?”

మర్నాడు బడి వదిలాక వాద్యారిని వరండాలో కూర్చోమన్నాను. హాలు ఎందుకని అడిగాను. యార్డువైపు సద్దు ఎక్కువ అన్నారు. “సద్దు అన్ని గదుల్లోనూ ఉంది కదండీ” అనేశాను. ఆయన కండువా దులుపుకుని లేచిపోయారు. ఆరోజు అంతే.

తర్వాతి రోజు మళ్ళీ కూర్చున్నాం. ఈసారి నోరు బిగపట్టుకున్నాను. ఇంజన్లు అటూ ఇటూ జరుగుతుంటే పిల్లలు చెప్పే పాఠం వినపడదన్నారు. “పిల్లలు చెప్పేది మీకు వినపడటం లేదు, అంతేనా?” అని మెల్లగా అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. కోపమొచ్చిందనుకున్నాను. లేచి ఇటు పక్కకు వచ్చి అదే మాట మళ్ళీ అన్నాను. ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశారు. మొదటిసారి అడిగినప్పుడు నేను ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను.

యార్డులో బండి కూత వేసింది.

“ఆమామ్మా, అదే” అన్నారు చివరికి. ఆయన తెలుగు తమిళం కలిసిన తెలుగు. “ఈ చెవి పూర్తిగా పోయింది. రెండోది కొంచెం కొంచెం పోతా ఉంది. పిల్లోడు చిన్నగా చెప్తే నాకు తెలీదు. చెప్పలేదనుకుని కొడతాను. తర్వాత పక్కన పిల్లోడి మొగం చూస్తే తెలుస్తుంది, వాడు సరిగ్గానే చెప్పినాడని.” భుజం మీది కండువాతో ముఖం తుడుచుకున్నారు. “సర్వీసు ఇంకా ఉంది. చిన్నది పెళ్ళికి ఉంది. ఇది బయటికి పోతే రేపే ఇంటికి పంపిస్తారు. ఎవురితోనూ చెప్పొద్దమ్మా.”

చెప్పనన్నాను.

మా బడి తెలుగు టీచరమ్మను ఆమె ఇంట్లోనే కలిశాను. నన్ను చూడగానే, “తీర్పు చెప్పేదానికి వచ్చినారా?” అంది. వినడానికి వచ్చానన్నాను. నమ్మలేదు. కాఫీ ఇచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది.

“మా తాత కాలం నించీ ఈడే ఉండాం. ఇప్పుడు వీధిలో పొయ్యే వాళ్ళంతా ‘మీ రాష్ట్రం మీకొచ్చింది కదా, పోండి’ అంటారు. యాడికి పోయేది? నేను ఆంధ్రా చూసింది లేదు. ఆడ నా మాట వింటే అరవమ్మ అంటారు. ఈడ తెలుగమ్మ అంటారు. ఆ బోర్డు ఉన్నంతసేపు నేను ఎవురో నాకు తెలుస్తుంది. హాలు పోతే బోర్డు తీస్తారు. బోర్డు తీసినాక సెక్షను ఎంతసేపు?”

“హాలు కన్నా ఆ బోర్డు పోతుందనే మీ బాధ” అన్నాను.

ఆమె నా చేతిలోని కాఫీ గ్లాసు అందుకుంది. “అవును. అదే.”

విన్నాక బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. అంతకుముందు రెండు గుంపుల మధ్య ఇరుక్కున్నాను. ఇప్పుడు రెండు మాటల మధ్య ఇరుక్కున్నాను. ఆయన సంగతి ఆమెకు ఒక్క ముక్క చెప్తే ఇనుప తాళమూ ఇత్తడి తాళమూ ఆరోజే ఊడి ఉండేవేమో. కాని ఆ ముక్క మర్నాటికల్లా కుళాయి దగ్గరికి చేరుతుంది, అక్కణ్ణించి సౌకార్‌పేటకు. నోరు విప్పడానికి లేదు. విప్పకపోతే శుక్రవారం ఆగదు.

టీచరమ్మ ఊరుకోలేదు. “ఆయనతో మాట్లాడినప్పట్నించి మీరు ఆయన పక్కకి పోయినారు. నా మొగం చూడకుండా మాట్లాడతా ఉండారు” అంది, పిల్లల ముందే. నిజమే, ఆమె ముఖం చూడలేకపోతున్నాను. నా మౌనాన్ని ఆమె ఎట్లా అర్థం చేసుకుంటుందో తెలుస్తూనే ఉంది. సరిదిద్దడానికి నా దగ్గర ఉన్న మాట ఒక్కటే, అది నాది కాదు.

గురువారం పొద్దున వాద్యారి దగ్గరికి వెళ్ళి, “నేను చెప్పను. ఎప్పటికీ చెప్పను. కాని ఆమెకు మీరే చెప్పుకోండి” అన్నాను. తల అడ్డంగా ఊపి వరండాలోకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయనే వచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి చూపించారు. “ఆయమ్మని పిలవండి” అన్నారు.

ఒకరు తీస్తే తెరుచుకునే తలుపు కాదది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయవలసి వచ్చింది. లోపల గాలి కుమ్మరి ఆవంలా వేడెక్కి ఉంది. పిల్లలు చూస్తారని తలుపు దగ్గరగా వేశాను. ముగ్గురం పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాం. ఆయన నేల చూస్తూ చెప్పారు. నాతో చెప్పినంత కూడా చెప్పలేదు. చెవి పోయిందని, కొడుతున్నానని, అంతే.

టీచరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. “ముందే నాతో ఒక మాట చెప్పుంటే?”

“చెప్తే మీవాళ్ళు ఊరుకుంటారా అమ్మా?”

అబద్ధం చెప్తుందేమోనని భయపడ్డాను. “ఊరుకోరు” అంది. కొంగు వదిలేసి, “నేనూ ఊరుకోనేమో” అంది. తర్వాత తన బోర్డు సంగతి ఆమె చెప్పింది. కాస్త గట్టిగా, ఆయన కుడి పక్కకు తిరిగి చెప్పింది.

“ఇప్పుడేం చేద్దాం?” అని అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. రెండు మూడు ఉపాయాలు నాలుక చివరి దాకా వచ్చాయి. మింగాను.

మాటలు వాళ్ళే పెంచుకున్నారు. హాలు ఇద్దరిదీ. బోర్డు కదలదు, దాని కింద తమిళంలో ఇంకొకటి పెట్టాలి. వీధివైపు కొస ఆయన తరగతి, ఈ కొస ఆమె తరగతి. ఆయన పిల్లలు పాఠం చదివేటప్పుడు ఆమె పిల్లలు రాసుకుంటారు, ఆమె పాఠం చెప్పేటప్పుడు ఆయన పిల్లలు లెక్కలు చేస్తారు. నోటిలెక్కలు రెండు తరగతులకూ కలిపి. చిన్నగా పలికే పిల్లల జవాబు ఆమె పైకి అంటుంది. “బెత్తం హాల్లోకి రాకూడదు” అని ఆమె గట్టిగా అంటే, ఆయన “సరిమ్మా” అన్నారు. ఖాళీ అయ్యే చిన్నగది, కిక్కిరిసి ఉన్న మూడో తరగతికి ఇద్దామన్నారు, కాని అది చాలదు, ఇంకాస్త చోటు కావాలి. ఇద్దరూ నా వైపు చూశారు.

“మీ గది ఒకటి ఉండాది కదమ్మా” అంది టీచరమ్మ.

నా బల్ల వరండా మూలకు చేరింది.

శుక్రవారం తల్లిదండ్రుల్ని పిలిచి, వాద్యారినీ టీచరమ్మనీ మాట్లాడమన్నాను. ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో అదే సంగతి చెప్పారు. చెవి మాట ఎక్కడా రాలేదు. తండ్రులు గొణుక్కుంటూనే తాళాలు పట్టుకుపోయారు. వెనక వరసలోంచి ఎవరో, “వీళ్ళిద్దరికీ సరిపోతూనే ఉండాది. మధ్యలో హెడ్మిస్ట్రెసమ్మే రాజేసింది” అన్నారు. చాలామంది తలలూపారు. టీచరమ్మ నా వైపు చూసి ఏదో అనబోయింది. వద్దన్నట్టు చేయి ఊపాను. కాదనాలంటే అసలు సంగతి చెప్పాలి. ఆ పేరు నాకు వీధిలో చాలాకాలం ఉండిపోయింది.

వాద్యారు సర్వీసు పూర్తిచేసుకుని మర్యాదగా వెళ్ళారు. తెలుగు సెక్షను కొన్నేళ్ళు సాగింది. పిల్లలు ఇంకా తగ్గి చివరికి అదీ పోయింది. ఆ లోపల టీచరమ్మ తమిళం పరీక్ష రాసి ప్యాసై, అదే హాల్లో తమిళ పిల్లలకు పాఠం చెప్పసాగింది.

కరస్పాండెంటుగారికి ఏమి తోచిందో, ఇంకెక్కడైనా బడిలో తగువులొస్తే “వ్యాసర్పాడికి పోయి ఆయమ్మని అడుగు” అని పంపేవారు. అట్లా ఒకసారి సౌకార్‌పేటలోని ఒక బడి నించి కొత్తగా హెడ్మాస్టరైన యువకుడు వచ్చాడు. టీచర్లు రెండు జట్లయి ఎవరి ముఖం ఎవరూ చూసుకోవడం లేదట. నిద్ర పట్టడం లేదన్నాడు. ముందు వాళ్ళందరి మాటా ఒక్కొక్కరిగా వినమన్నాను.

“విన్నాక నాకు కొంచెం తేలికవుతుందా అండీ?”

కాదని చెప్పాను. ముందుకంటే ఇంకా ఇరుకవుతుందన్నాను. విన్నవన్నీ లోపలే పెట్టుకోవాలి, అందరూ అనేవి పడాలి. అతను లేచిపోతాడనుకున్నాను. బల్ల పక్కనున్న స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, తన బడి సంగతి మొదటినించి చెప్పడం మొదలుపెట్టాడు.