చామంతి తోటలో దిష్టిబొమ్మ

ఆ రోజుల్లో నాకు కొత్త ఉద్యోగం, కొత్త ఫోను, రెండూ ఒకేసారి వచ్చాయి. వాటిలో దేనిమీద శ్రద్ధ ఎక్కువో చెప్పక్కర్లేదనుకుంటాను. కర్నూలులో పుట్టి పెరిగిన నేను రాయచోటి దగ్గర ఓ పల్లెబడికి టీచరుగా వెళ్లాను. బడికి నడిచే దారిలో గట్టు మీది తంగేడు, కంచెలోని ఉమ్మెత్త, బండల సందున జిల్లేడు, దేన్నీ వదలకుండా మోకాళ్ల మీద కూలబడి ఫోటోలు తీసేవాణ్ణి. "ఏమప్పా అయివారూ, జిల్లేడు పువ్వుకు పెండ్లి సంబంధాలు చూస్తాండావా?" అని మేకలు తోలుకుపోయే అవ్వ ఎగతాళి చేసేది. (పూలను మెచ్చుకోవడానికి ధైర్యం అక్కర్లేదని అప్పట్లో నా నమ్మకం.)

నేను అద్దెకున్న గది ఓనరును ఊళ్లో అందరూ మీసాలన్న అనేవాళ్లు. మనిషి మంచివాడే, కానీ ఆ మీసాలు చూస్తే నమస్కారం రెండుసార్లు పెట్టాలనిపించేది. ఊరి బయట ఆయనకు చామంతి తోట ఉండేది. దసరాకు కోయాలని కన్నబిడ్డలా సాకుతున్నాడు. ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, మంచు తడితో తోటంతా పసుపు రాశి పోసినట్టుంది. కానీ సరిగ్గా మధ్యలో దిష్టిబొమ్మ! కుండ తల, దాని మీద సున్నం బొట్లు, చినిగిన చొక్కా, మెడలో పాత చెప్పు. ఎటు నిలబడి తీసినా ఆ చెప్పు ఫోటోలో పడుతోంది. చుట్టూ ఎవరూ కనబడలేదు. బొమ్మను పెరికి కంచె అవతల పడుకోబెట్టి, తృప్తిగా ఫోటోలు తీసుకుని, "అబ్బ, ఎంత బాగున్నాయో!" అని పైకే అనేసి, బొమ్మ సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రమే తోటలో బోరు మోటరు కాలిపోయింది. నీళ్లు లేక, రెండు రోజుల ఎండకే పూలు తలలు వాల్చాయి. "ఎవుని పాడు కన్ను పడెనో! దిష్టిబొమ్మను గూడా పెరికి పారేసినారు. దొరకనీ, వాని కండ్లు పీకుతా!" అని మీసాలన్న వాకిట్లో కొడవలి నూరుతూ అరుస్తుంటే, గోడ ఇవతల నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. జ్వరమని చెప్పి కర్నూలు బస్సెక్కుదామా? బదిలీ అడుగుదామా? వాళ్లావిడ రాగిసంగటి పంపితే, గిన్నె అందుకుని గబుక్కున తలుపేసుకున్నాను. కలలో ఆ కుండ తల కనిపించి "ఫోటో బాగా వచ్చిందా?" అని అడిగింది. మోటరు బాగై పూలు తేరుకున్నాయి గానీ, నేను తేరుకోలేదు.

ఓ పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే మీసాలన్న, చేతిలో కొడవలి. "అయివారూ, బొమ్మను పెరికింది నువ్వేనంట గదా. ఫోటోలు తీసి మెచ్చుకుంటాంటే మేకల అవ్వ చూసిందంట." నా చేతులు వాటంతట అవే దండం పెట్టేశాయి. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "శానా పవరుండాదప్పా నీ కంట్లో! మా దాయాది తోట ఆ పక్కనే ఉండాది. నాకన్నా ముందే పూలు మార్కెట్టుకు తోల్తాడంట. దానికీ ఒక ఫోటో తియ్యి."

కాదంటే కొడవలి, ఔనంటే పాపం. వెళ్లాను. ఫోను ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకుని నొక్కాను. "శానా బాగుండాయని అను!" అని మీసాలన్న పక్కనుంచి గద్దించాడు. "ప... పర్వాలేదు" అన్నాను. దాయాది తోటకు ఏమీ కాలేదు, పైగా విరగబూసింది. మీసాలన్న నన్ను జాలిగా చూసి, "నీ కంట్లో ఏమీ లేదులే అయివారూ. మా మోటరే పాతది" అన్నాడు. బతికిపోయానని సంతోషమేసింది, కాస్త చిన్నతనంగానూ అనిపించింది.

ఇప్పటికీ ఎవరి పెరట్లో మందారం కనబడినా ఫోను తీసే ముందు చుట్టూ చూస్తాను, ఎంత నచ్చినా "పర్వాలేదు" అంటాను. "మెచ్చుకోవడానికి కూడా పిసినారితనమేనా?" అని మా ఆవిడ దెప్పుతుంది. ఆనాటి చామంతుల ఫోటో మాత్రం భద్రంగా దాచుకున్నాను. కానీ చూసినప్పుడల్లా మధ్యలో ఏదో వెలితి. పాత చెప్పుతో సహా ఆ కుండ తలను అక్కడే ఉండనిచ్చి తీసి ఉంటే ఎంత బాగుండేదో!