తోడేలు పెళ్ళాం గేష

గేష మొగుడు హార్మెన్ పొయ్యిలోకి, ఎండితే కట్టెల్లా మండే ఊబిమట్టి గడ్డలు కోసుకొస్తానని ఊబివైపు వెళ్ళి మరి తిరిగిరాలేదు. పార దొరికింది, టోపీ దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేకపోతే ఊరు ఊరుకుంటుందా? తోడేలుతోలు పట్టీ నడుముకి బిగించి తోడేలైపోయాడని తేల్చేశారు. నోళ్ళకేం, తాళాలా?

గేష కూడా కాదనలేదు. ఊబి మింగేసిందనుకోవడం కంటే అదే నయమనిపించింది, పాపం. చలికాలం సాయంత్రాలు దూరంగా తోడేలు ఊళపెడితే రాట్నం ఆపి, "ఏమయ్యా, తిన్నావా?" అని గోడనడిగేది. ఆ ఒంటి బతుక్కి అదొక్కటే తోడు.

పక్కింటి మెట్టె బావిదగ్గర రోజూ ఎత్తిపొడిచేది. "ఏమే తోడేలు పెళ్ళామా! మా గొర్రెపిల్ల కనబళ్ళేదు. మీ ఆయన భోంచేశాడా?"

"మీ బక్కగొర్రెల్ని మా ఆయన ముట్టనైనా ముట్టడు, పోవే!"

ఒక మాఘంలాంటి చలిరోజున, బాతుని ఎరగా కట్టిన గోతిలో తోడేలు పడింది. ఊరంతా ఈటెలతో చేరింది గానీ, పొడవడానికి ఎవరికీ చెయ్యిరాలేదు. బాప్తిస్మం పేరుతో మూడుసార్లు పిలిస్తే అలాంటి తోడేలు మళ్ళీ మనిషవుతుందని అక్కడ పసిపిల్లలకీ తెలుసు. పిలవాల్సింది కట్టుకున్నదే.

"పిలవ్వే గేషా," అన్నాడు ఊరిపెద్ద క్లావెస్. "వాడైతే ఇంటికి తీసుకుపో. కాకపోతే మా పని మేం చూసుకుంటాం."

గేష గోతిలోకి తొంగిచూసింది. పిలిచాక ఆయన కాదని తేలితే, ఇక ఎక్కడా లేనట్టే. పిలవకుండా పొడవనిస్తే, లోపలున్నది ఆయనే అయితే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గోతి అంచున మోకాళ్ళమీద కూలబడింది.

"హార్మెన్!"

తోడేలు చెవులు నిక్కించింది.

"హార్మెన్!"

తలెత్తి చూసింది. మూడోసారికి గేష రెండుచేతులా గోతి అంచు పట్టుకుంది. మెట్టె వచ్చి భుజం పట్టుకుంది.

"హార్మెన్, ఇంటికి రావయ్యా!" అంది గేష.

తోడేలు తోక ముడుచుకుని మూలకి ఒదిగింది. అంతే. క్లావెస్ ఈటె ఎత్తాడు.

మర్నాడు గేష విధవలు కట్టే నల్లగుడ్డ తలకి కట్టుకుని బావికొచ్చింది. మెట్టె గబగబా ఎదురెళ్ళి బాల్చీ అందుకుంది.

"మీరు కూర్చోండి గేషగారూ, నేను తోడతాను," అంది, ఎన్నడూలేని మర్యాదగా.

గేష అక్కడే కూర్చుని భోరుమంది.

"అలా అనకే మెట్టే, రోజూ పిలిచినట్టే పిలువు. ఒక్కసారి పిలవ్వే!"

మెట్టె తలవంచుకుని నీళ్ళు తోడింది. నిండిన బాల్చీ ఎత్తుకుని ముందు నడిచింది.