పడలేదు, దూకాయి

ఆ ప్రయోగశాలలో ఆవిడకు అసలు పేరొకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. ఎలుకల గది చూసుకుంటుంది కాబట్టి ఎలుకలక్క. కట్టుకున్నవాడు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచి, ఆ పూటంతా చీవాట్లు తిన్నాడు.

ఆయన దర్జీ. ఒకప్పుడు కబుర్లు చెబుతూనే సూదిలో దారం ఎక్కించేవాడు. ఇప్పుడు వణుకుడు జబ్బు. గ్లాసెత్తితే సగం నీళ్లు చొక్కాకే. అందుకే ప్రయోగశాలలో డాక్టరమ్మ చేస్తున్న ప్రయోగం మీద ఎలుకలక్క కొండంత ఆశ పెట్టుకుంది. మెదడు కణాల లోపల కబుర్లు మోసే ప్రోటీను ఒకటుందట. జబ్బు చేసినప్పుడు అది "ఇక చచ్చిపో" అన్న కబురే పదేపదే చేరవేస్తుందట. డాక్టరమ్మ మందు దాని నోరు నొక్కేస్తుందట. అదే జబ్బు పుట్టించిన ఎలుకలకు ఆ మందు ఇచ్చి చూస్తున్నారు.

పరీక్షంటే గిర్రున తిరిగే కడ్డీ. దాని మీద ఎలుకను ఎలుకలక్క నిలబెట్టి వెళ్తుంది. ఎంతసేపటికి పడిందో యంత్రమే పక్కగదిలోని డాక్టరమ్మకు చూపిస్తుంది. తీరా చూస్తే మందు తిన్నవే ముందు పడుతున్నాయి. మందు లేనివి కాస్త నయం. రేపటితో ఆపేద్దామని డాక్టరమ్మ అనేసరికి ఎలుకలక్క గుండెల్లో రాయి పడింది.

మర్నాడు ఎలుకను కడ్డీ ఎక్కించి, ఆశ చావక అక్కడే నిలబడింది. కళ్లు తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగితే తాళాలగుత్తి గలగలమంది. ఎలుక చెవులు రిక్కించి, కిందకు చక్కగా దూకి, ఆవిడ వైపు తిరిగి వెనక కాళ్ల మీద నిలబడింది. గింజల కోసం!

ఎలుకలక్కకు సంగతి అర్థమైంది. ఉద్యోగం పోతే పోయిందనుకుని పక్కగదికి పరుగెత్తింది.

"మేడం, అవి పడలేదు. దూకాయి. రోజూ బీరువా తాళం తీసి మీకు తెలీకుండా గింజలు పెడుతున్నాను. కడ్డీ ఎక్కించి నేను వెళ్తుంటే జేబులో తాళాలు గలగలమంటాయి కదా, అది వినిపిస్తే చాలు, దిగొచ్చేస్తున్నాయి."

డాక్టరమ్మకు కోపం ముంచుకొచ్చింది. అంతలో ఏదో తట్టింది.

"మరి మందు లేనివి ఎందుకు దూకలేదక్కా?"

"దూకాలనే చూసుంటాయి మేడం. కాళ్లు వచ్చుండవు."

డాక్టరమ్మ కాసేపు తిట్టింది, కాసేపు నవ్వింది, మళ్లీ గుర్తొచ్చి తిట్టింది. గింజలు బంద్. తాళాలకు గుడ్డ చుట్టి పరీక్ష మొదటి నుంచి పెట్టారు. మందు తిన్న ఎలుకలు యంత్రం ఆగేదాకా దర్జాగా నడిచాయి. ఇది మనుషుల దాకా రావడానికి ఏళ్లు పట్టొచ్చని, అసలు రాకనూ పోవచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది. ఎలుకలక్క బుద్ధిగా తలూపింది. ఇల్లు చేరేదాకా మాత్రం కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆవిడ తలుపు తీసేసరికి ఆయన కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

"చప్పుడు లేకుండా వచ్చేశావేంటి? తాళాలు వినిపిస్తే కదా నేను లేచేది" అని అలిగాడు. రోజూ ఎదురొచ్చి తలుపు తీయడం ఆయన పంతం.

ఎలుకలక్క మళ్లీ బయటికెళ్లి తలుపు వేసింది. గుత్తికి చుట్టిన గుడ్డ విప్పి, గట్టిగా గలగలలాడించింది. లోపల కుర్చీ కిర్రుమంది. అడుగులు మెల్లగా మొదలయ్యాయి. తాళంచెవి చేతిలోనే ఉన్నా, ఆయన వచ్చి తీసేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.