మీటర్ల లెక్కలో మా పాయింట్లు

పొద్దున పదింటికి మా ఆఫీసులో అందరం గుండ్రంగా నిలబడతాం. మొదటిసారి చూసిన చాయ్ అతను, ఎవరో పోయారనీ మేం మౌనం పాటిస్తున్నామనీ అనుకుని, కెటిల్ కింద పెట్టి తనూ తల దించుకుని నిలబడ్డాడు. దాన్ని స్టాండప్ అంటారు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీ పనికి ఏమైనా అడ్డం ఉందా, ఈ మూడు ముక్కలు ఒక్కొక్కరూ చెప్పి పావుగంటలో ముగించాలి. కూర్చుంటే మనిషి ఎక్కువ మాట్లాడతాడు కాబట్టి నిలబెట్టాలట. ఈ సంగతి కనిపెట్టినవాడు నన్ను చూసి ఉండడు. నేను నిలబడి కూడా ఎంతసేపైనా మాట్లాడగలను.

నేను టెస్టర్‌ని. అంటే, కుర్రాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. ఇంట్లో జీతం లేకుండా చేసే పనే ఇక్కడ జీతానికి చేస్తున్నానని మా ఆయన అంటాడు. సూరత్ ఊరి బయట కామ్‌రేజ్‌లో ఫ్లాటు చవగ్గా వచ్చిందని కొనుక్కున్నాం. ఆ చవక అంతా రోజూ బస్సులో నా నడుము చెల్లిస్తోంది. మా కంపెనీ చిన్నది. మగ్గాల కార్ఖానాలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏ మగ్గం ఆగింది, ఎందుకు ఆగింది, ఎంత గుడ్డ దిగింది, ఇవన్నీ కార్ఖానా యజమాని ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు.

స్క్రమ్ అనే పద్ధతి మీద నాకు కోపం లేదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే నాకు అన్నిటి మీదా కోపమేనని మా ఆఫీసులో ఒక నమ్మకం ఉంది. అది రాకముందు మేం కస్టమరు ఒకసారి చెప్పింది విని, తలుపులు వేసుకుని ఏడాదంతా చేసి తీసుకెళ్ళేవాళ్ళం. ఆయన చూసి, నేను అడిగింది ఇది కాదు కదా అనేవాడు. స్క్రమ్‌లో అలా కాదు. పనిని ముక్కలు చేసుకోవాలి. రెండు వారాలకు సరిపడా కొన్ని ముక్కలు తీసుకోవాలి. ఆ రెండు వారాల్నే స్ప్రింట్ అంటారు. చివర్లో చేసింది కస్టమరుకు చూపించి, తిట్లు తిని, దిద్దుకుని మళ్ళీ మొదలు. తిట్లు కొంచెం కొంచెంగా, ముందుగానే తినడం మంచిదే కదా.

అందులో నాకు బాగా నచ్చింది ముక్కల పరిమాణం అంచనా కట్టే ఆట. ప్రతివాళ్ళ చేతిలో అంకెల కార్డులుంటాయి. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, అలా. ఒక పని చదివి వినిపించగానే అది ఎంత పెద్దదో ఎవరికి తోచిన కార్డు వాళ్ళు ఒకేసారి ఎత్తి చూపాలి. ఒకరు రెండు చూపించి ఇంకొకరు ఎనిమిది చూపిస్తే, ఎందుకలా అని ఇద్దరూ వాదించుకోవాలి. ఆ వాదనలోనే, పనిలో ఎవరికీ కనపడని చిక్కులన్నీ బయటపడతాయి. కంపెనీయే జీతమిచ్చి వాదించమనే చోటు ఈ లోకంలో ఒకటుందని తెలిసి నేనెంత సంతోషించానో చెప్పలేను. చివరికి అందరూ ఒప్పుకున్న అంకెను పాయింట్లు అంటారు. ఈ రెండు వారాల్లో మనం ఎంత మోయగలం అని టీమ్ తనకు తాను చెప్పుకోవడానికి వేసుకునే ఉజ్జాయింపు అది. అంతకు మించి ఏమీ కాదు.

మా కంపెనీ యజమానిని శేఠ్ అంటాం, ఆయనది మగ్గాల కుటుంబం. మగ్గం మీద పనివాడికి నెల జీతం ఉండదు, ఎన్ని మీటర్లు నేస్తే అంత కూలి. ఒకరోజు ఆయన స్టాండప్‌కి వచ్చి వెనకాల నిలబడ్డాడు. పాయింట్లు, పాయింట్లు అని మేమంటుంటే కాసేపు విని, ఒక్కసారిగా ఆయన ముఖం వెలిగిపోయింది.

“అచ్ఛా! పాయింట్ ఎట్లే మీటర్!” అన్నాడు. పాయింట్ అంటే మీటరన్నమాట అని.

ఈ పద్ధతిని దగ్గరుండి నడిపించే మా స్క్రమ్ మాస్టర్ అప్పుడే ముంబైలో రెండు రోజుల ట్రైనింగ్ పూర్తిచేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించుకుని వచ్చిన కుర్రాడు. “హా శేఠ్, ఐసా హీ సమఝ్ లో” అన్నాడు.

అలాగే అనుకోండి అన్న ఆ ఒక్క మాటతో అంతా అయిపోయింది. మర్నాటికల్లా గోడ మీద టీవీలో అందరి పేర్లూ, పక్కన ఎవరి పాయింట్లు వాళ్ళకి. శేఠ్ రోజూ మధ్యాహ్నం తమలపాకు నములుతూ వచ్చి, “ఆజే కేట్లా పాయింట్ థయా?” అని ఈరోజు లెక్క అడగడం మొదలుపెట్టాడు. నా పేరు ఆ టీవీలో లేనే లేదు. తప్పులు పట్టడానికి పాయింట్లు రావు.

ఆ తర్వాత పనులు వాటంతట అవే లావెక్కాయి. ఎవరూ కూడబలుక్కోలేదు, రహస్యంగా మాట్లాడుకోలేదు. అంతకుముందు రెండు చూపించేవాళ్ళు ఐదు చూపించారు, ఐదు చూపించేవాళ్ళు ఎనిమిదికి ఎక్కారు. చివరికి ఫోన్ తెర మీద ఒక బటన్ రంగు మార్చే పనికి ఎనిమిది పడింది. నేను వాదించాను. “మేడమ్, రంగు మారిస్తే తర్వాత టెస్టింగ్ చాలా ఉంటుంది కదా” అన్నాడొకడు. టెస్టింగ్ చేసేది నేను!

పాత అలవాటు మార్చుకోనిది ఒక్కతే. బమ్రోలి పేట నుంచి వచ్చే తెలుగమ్మాయి. వాళ్ళ నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి పాండేసరాలో మగ్గాలు నడుపుతున్నాడు, ఈమె పుట్టి పెరిగింది సూరత్‌లోనే. చేరిన రోజు నన్ను “ఆంటీ” అంది. ఇంకోసారి ఆ మాట వినపడితే నీ ప్రోగ్రాంలో లేని తప్పులు కూడా చూపిస్తానన్నాను. అప్పట్నుంచి అక్కనయ్యాను. రెండు అనిపిస్తే రెండే చూపించేది. “ఇండ్ల ఏమున్నదన్నా, పొద్దుమూకేలోపు అయితది” అనేది. సరే, నువ్వే చేసుకో, రెండే రాసుకో అనేవాళ్ళు. చేసేసేది. చేసి ఊరుకోకుండా, పక్కవాడెవడైనా చిక్కులో పడితే కుర్చీ చక్రాల మీద దొర్లించుకుంటూ వెళ్ళి వాడి పక్కన కూర్చునేది. అక్కడ తేలిన పని వాడి ఖాతాలో ఎనిమిదిగా పడేది. టీవీలో ఈమె పేరు ఎప్పుడూ అట్టడుగునే.

ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ మూసేసింది.

“ఏమైంది?”

“స్క్రమ్ మాస్టర్ పిలిచిండక్కా. ప్రొబేషన్ అయిపోతుంది కదా. ఈ స్ప్రింట్ పాయింట్లు చూసి పర్మనెంట్ చేసుడా, పంపిచ్చుడా చెప్తరంట.”

“పంపిస్తే?”

“మా బాబాయి గుడ్డకు రంగులేసే డైయింగ్ మిల్లుల ఉన్నడు. ఆడ ఆఫీసుల కూసోని చలాన్లు టైప్ చెయ్యమంటరు. మల్ల ఈ లైన్ల ఎవడు తీస్కుంటడు? యాడాది కూడ చెయ్యలే అంటరు.” మూత మీద గోటితో గీసింది. “ఇంజినీరింగ్ చదువుకొని చలాన్లు అక్కా.”

నేను తిన్నగా స్క్రమ్ మాస్టర్ దగ్గరికి వెళ్ళాను. నీకు ట్రైనింగ్‌లో పాయింట్లు మనిషికి వేస్తారని చెప్పారా, టీమ్‌కి వేస్తారని చెప్పారా అని అడిగాను.

“మేడమ్, థియరీ అలగ్ హై. అది వేరు, ఇది సూరత్.”

“సూరత్‌లో పని చేసినవాళ్ళని పంపించి, అంకెలు చేసినవాళ్ళని ఉంచుకుంటారా?”

“మేడమ్, మీరు ప్రతిదానికీ ఫైట్ చేస్తారు.”

“నువ్వు ఒక్కదానికైనా చేసుంటే నాకు కొంత విశ్రాంతి దొరికేది.”

స్ప్రింట్ చివర రెట్రో అని ఒక మీటింగ్ ఉంటుంది. ఏది బాగా జరిగింది, ఏది బాగాలేదు, ఏం మార్చుకోవాలి అని టీమ్ మనసు విప్పి మాట్లాడుకోవాలి. మనసు విప్పడానికి వీలుగా అందులో పెద్దవాళ్ళు ఉండకూడదు. మా శేఠ్ నడిమధ్య కుర్చీలోనే కూర్చున్నాడు. బాగా జరిగింది ఏమిటని అడిగితే అందరూ తలొక సంగతీ చెప్పారు. బాగాలేనిది ఏసీ అని ఒకడన్నాడు. నా వంతు వచ్చింది. టీవీలో పేర్లు తీసెయ్యమన్నాను. పాయింట్లు కూలి లెక్క కాదన్నాను, అట్టడుగున ఉన్న ఆ అమ్మాయి లేకపోతే పైనున్న ముగ్గురూ ఈ స్ప్రింట్‌లో సగం పని కూడా దాటేవాళ్ళు కాదన్నాను. పైనున్న ముగ్గురూ నేల వైపు చూశారు.

శేఠ్ కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ అలసగొట్టింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. “బెన్, తో కామ్ కోణ్ కరే ఛే, ఏ మనే కేవీ రీతే ఖబర్ పడే?” మరి ఎవరు పని చేస్తున్నారో నాకెలా తెలుస్తుంది సోదరీ అని.

“రెండు వారాలకోసారి చేసింది కస్టమరుకు చూపిస్తాం కదా శేఠ్, ఆ మీటింగ్‌కి రండి. ఏది పనిచేస్తోందో, ఏది చెయ్యడం లేదో కళ్ళతో చూస్తారు. ఎవరు ఎవరికి సాయం చేశారో వాళ్ళనే అడగండి.”

“అంత టైమ్ ఎవరికుంది బెన్? అంకె అయితే నిలబడి చూసుకోవచ్చు.”

చివరికి నాకు మర్యాద చేసినట్టుగా ఒక నిర్ణయం చెప్పాడు. ఆ అమ్మాయిని వెంటనే పంపించెయ్యరు, ఇంకొక్క స్ప్రింట్ చూస్తారు. పాయింట్లు పెరగాలి. స్క్రమ్ మాస్టర్ దాన్ని ‘యాక్షన్ ఐటమ్’ అని రాసుకున్నాడు.

సాయంత్రం కింద చాయ్ బండి దగ్గర, గుడ్డ తానులు నింపుకున్న టెంపోలు మోచేతులకు తగిలేంత దగ్గరగా పోతుంటే, నేనే అన్నాను: “రేపు ప్లానింగ్‌లో ఎనిమిది చూపించు.”

“దేనికి?”

“దేనికైనా.”

నవ్వింది. “అక్కా, మా నాయిన నేసిన గుడ్డ మడతలేసే ఫోల్డింగ్ కాడ మల్ల ఇంకొకడు కొలుస్తడు. గజం తక్కువొస్తే లొల్లి. ఈడ మన గుడ్డ మనమే కొల్చుకునుడు, మనమే ఎక్కువ రాస్కునుడు. గిదేం కథ?”

“కథ కాదు, ఉద్యోగం. వాళ్ళందరూ చేస్తున్నదే.”

“నువ్వే కదా అక్కా రోజూ గీ ముచ్చట మీద కొట్లాడేది!”

“కొట్లాడాను. ఇవాళ చూశావుగా, ఏమొచ్చిందో. ఇంకొక్క స్ప్రింట్ వచ్చింది. నా దగ్గర ఇంకేం లేదు.”

చాయ్ పూర్తిగా తాగకుండానే కప్పు పారేసి, షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్లానింగ్. మగ్గం ఆగిన కారణాల పట్టీలో ఒక కొత్త కారణం చేర్చాలి. చిన్న పని. అందరూ కార్డులెత్తారు. వరసగా ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. ఆ అమ్మాయి చేతిలోనూ ఎనిమిదే. ఎవరి వైపూ చూడలేదు. నా చేతిలో రెండు ఉంది. నేను ఎత్తలేదు, బల్ల మీద బోర్లా పెట్టాను.

“వాహ్! అందరూ ఒకే మాట! టీమ్ మెచ్యూర్ అయింది” అన్నాడు స్క్రమ్ మాస్టర్. వాదన అంటూ ఏదీ లేకపోవడంతో మీటింగ్ తొందరగా అయిపోయింది. మిగిలిన టైములో అందరం లోచో అనే సూరత్ టిఫిన్ తెప్పించుకుని తిన్నాం.

ఆ స్ప్రింట్ చివర ఆమె పేరు టీవీలో మధ్యకు ఎక్కింది, ఉద్యోగం పర్మనెంట్ అయింది. వాళ్ళమ్మ చేసిన సర్వపిండి తెచ్చి నాకు రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది. “నీ వల్లనే అక్కా” అంది. నేను తిన్నాను. బాగుంది, నూనె కొంచెం ఎక్కువైందన్నాను. నా నోటికి ఊరుకోవడం రాదు కదా. నిజంగానే సంతోషించాను. ఒక ఇంట్లో ఒక ఉద్యోగం నిలబడింది. అది చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు సలాబత్‌పురా నుంచి ఒక కస్టమరు ఫోన్ చేశాడు. ఆయన పాత ఫోన్లో మగ్గాల పట్టీ తెరుచుకోవడం లేదు. తప్పు ఎక్కడుందో నాకు దాదాపుగా తెలుసు, కానీ ప్రోగ్రాంలోకి వెళ్ళి చూడాల్సింది ఆ అమ్మాయి. పక్కకు వెళ్ళి పిలిచాను. ఒక చెవికి పెట్టుకున్న ఇయర్‌ఫోన్ తీసింది.

“ఒక్కసారి ఇటు రా, ఇది చూసి పో. నీకు చిటికెలో పని.”

“టికెట్ ఉన్నదా అక్కా?” అంది. పనిని చీటీలా రాసి జాబితాలో పెడితే అది టికెట్.

“లేదు. ఆయన ఇప్పుడే ఫోన్ చేశాడు.”

“ఉట్టిగ చూస్తె నా దాంట్ల పడదు కదా. టికెట్ వెయ్యి, ప్లానింగ్‌ల పాయింట్లు పెట్టిచ్చు, అప్పుడు తీస్కుంట.” మాటలో కసురుకోవడం లేదు. మర్యాదగా, కొంచెం జాలిగా కూడా చెప్పింది. “తప్పుగ అనుకోకు అక్కా, జర.”

తప్పుగా ఏమనుకోను? వెనక్కి వచ్చి టికెట్ రాశాను. ప్లానింగ్ వచ్చేదాకా ఆగమని కస్టమరుకు చెప్పాను. ఆగడమంటే ఎన్నాళ్ళు బెన్ అన్నాడాయన. మా పద్ధతి చాలా వేగమైనదనీ, ఎక్కువ రోజులు పట్టదనీ చెప్పాను. ప్లానింగ్‌లో ఆ పనికి ఎనిమిది వచ్చింది.