లేవొద్దని చెప్పింది నేనే

పదో తరగతిలో బాగా రాణించిన పిల్లలకు కాలేజీ చదువు రుచి చూపించే వేసవి శిబిరం ఈ రోజు విజయవాడలో మా ఇంజినీరింగ్ కాలేజీలో మొదలైంది. నేను ఫిజిక్స్ చెబుతాను. క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి, రాగం తీస్తూ "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. ఇది కాలేజీ అని, ఇక్కడ ఎవరొచ్చినా లేవక్కర్లేదని పెద్ద ఉపన్యాసమే ఇచ్చి, వాళ్ల బెంచీ మీదే కూర్చుని పాఠం మొదలుపెట్టాను.

కాసేపటికి మా ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆయనకు మర్యాదల పట్టింపు ఎక్కువ. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. లేచి నిలబడింది నేనొక్కదాన్నే, అదీ చేతులు కట్టుకుని! ఆయన మొహం చిట్లించారు.

నా పక్కన కూర్చున్న, పామర్రు నుంచి వచ్చిన అమ్మాయి నా కొంగు లాగి, అందరికీ వినపడేలా అంది: "ఎవరొచ్చినా లేవక్కర్లేదన్నారు కదండీ! కూర్చోండి మేడం."

ఆయన పకపకా నవ్వేశారు. "కూర్చోండమ్మా, నేనూ కూర్చుంటా" అంటూ అదే బెంచీలో సర్దుకున్నారు. ఆ తర్వాత పిల్లలకంటే ఆయనే ఎక్కువ ప్రశ్నలడిగారు.

పిల్లలకు కాలేజీ ఒక్క పూటలో అలవాటైపోయింది. ఇన్నేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నా, నా కాళ్లు మాత్రం ఇంకా స్కూల్లోనే ఉన్నాయి. మీ కాళ్లు ఎవరిని చూస్తే వాటంతటవే లేస్తాయో చెప్పండి. కూర్చునే చెప్పండి.