తలుపు అవతల మా అత్త

మొన్న సాయంత్రం మా తమ్ముడి కూతురు నా కుర్చీ పక్కకు పీట జరుపుకొని, రేపు తొలిసారి సైకాలజిస్టు దగ్గరికి పోతున్నానని, అక్కడ ఏమడుగుతారో, తనేం చెప్పాలో తెలియక గుండె దడగా ఉందని నెమ్మదిగా బయటపెట్టింది. ఇంట్లో ఇంతమంది ఉండగా నన్నే అడగడానికి కారణముంది. మా వంశంలో ఆ గడప తొక్కినవాళ్లలో మిగిలింది నేనే. తొక్కానే గానీ లోపల కూర్చున్నది కాసేపే, తక్కిన కాలమంతా తలుపు బయటే.

ఎనభైల చివరి మాట. పాల్వంచ దాటి భద్రాచలం పోయే అడవి దారిలో మా మేనత్త హోటల్ నడిపేది, ఇరవై దాటిన నేను గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. హోటలంటే తాటాకు కప్పు, రెండు బల్లలు, పొద్దస్తమానం మరిగే టీ గిన్నె. వెదురు లారీల డ్రైవర్లు, తునికాకు కట్టలు మోసుకొచ్చే కోయ ఆడవాళ్లు అక్కడ ఆగేది టీ కోసం కాదు, మా అత్త తిట్ల కోసమని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఆమె గొంతెత్తి పిలిస్తే మలుపు దాటిన బస్సు వెనక్కి వచ్చేది. ఒకసారి పొయ్యి దాకా వచ్చిన ఎలుగుబంటి ఆమె తిట్టిన తిట్టుకు సిగ్గుపడి ఆ ఏడు ఇప్పపూలు ముట్టలేదంటే మీరు నమ్మరు. నమ్మకండి, లారీ డ్రైవర్లు నమ్మారు, నాకది చాలు.

అట్లాంటి మనిషి ఒక వానాకాలం మెల్లమెల్లగా మాట మానేసింది. ముందు తిట్లు పోయాయి, తరవాత నిద్ర, ఆ తరవాత ఆకలి. టీ పొంగి పొయ్యిలో పడుతున్నా చూస్తూ కూర్చునేది. ఆమె నోటికి తాళం వేసే దేవుడే లేడా అని ఊరంతా తిరిగి మొరపెట్టుకున్న మా మామ, ఇప్పుడు కావాలనే చక్కెర డబ్బా కింద పడేసి, తిడుతుందేమోనని ఆశగా ఆమె మొహంలోకి చూసేవాడు. ఆమె మాట్లాడకుండా ఊడ్చి ఎత్తేది. గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు. ఇట్లాగే ఉంటే పుట్టింట్లో దింపి రమ్మని మామ తల్లి పట్టుబట్టింది. మామ ఒప్పుకోలేదు గానీ, తల్లి పోరును ఎన్నాళ్లు ఆపగలడో ఆయనకే తెలియదు.

చివరికి సర్కారు దవాఖానా డాక్టరు ఒంట్లో ఏ రోగమూ లేదని తేల్చి, వారానికోసారి వరంగల్ నుంచి ఖమ్మం వచ్చే ఒక డాక్టరమ్మ పేరు చెప్పాడు. ఆమె సూది వేయదట, మాట్లాడిస్తుందట. ఊళ్లో మాత్రం తలకు కరెంటు పెడతారని పుకారు పుట్టింది. దాంతో అత్తకు ధైర్యంగా ఉంటుందని జీపు నిండా చుట్టాలం బయలుదేరాం.

మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. దవాఖానాలో జబ్బు చెప్పేది రోగి కాదు, ఇంట్లో నోరున్నవాడు. పన్ను ఎవరిదైనా నొప్పి చెప్పే నోరు నాది. కనుక డాక్టరమ్మ ఏమైందని అత్తను అడగ్గానే నేను అందుకున్నాను. అడవి, వాన, పిడుగు, పిడుగు వెలుగులో అత్త కంటబడిన పులి, దాని వెనక ఇంకో పులి. ఆమె ఓపికగా విని, అత్త వైపు తిరిగి, ఇదంతా నిజమేనా అని అడిగింది. అత్త నావైపు చూసి, కాదని తలూపింది. నెలల తరబడి ఎవరికీ ఔననీ కాదనీ చెప్పని మనిషి!

డాక్టరమ్మ నవ్వి, చాలా బాగా చెప్పారు, ఇక కాసేపు బయట కూర్చోండి అంది. నాతోపాటు మిగతా జీపంతా బయటికే.

తరవాతెప్పుడో అత్తే చెప్పింది, ఆ మొదటి రోజు తను లోపల పెదవి విప్పలేదట. ఫరవాలేదు, చెప్పాలనిపించినప్పుడే చెప్పవచ్చని, వద్దనుకున్నది దాచుకోవచ్చని డాక్టరమ్మ తనతో అందట. నిద్ర గురించి, తిండి గురించి అడిగి, మళ్లీ వారం రమ్మంది. మామకు ఇదంతా వింతగా తోచింది.

"డాక్టరమ్మా, నా పెండ్లాం ఏమన్నా చెప్తే నాక్కూడ చెప్పరా?"

"ఆమె మాట ఆమెదేనండీ. ఇంటికెళ్లాక ఆమే చెబితే వినండి."

వారాలు గడిచాయి. జీపులో మనుషులు తగ్గుతూ వచ్చి చివరికి మేం ముగ్గురమే మిగిలాం. ఒకనాడు లోపలి నుంచి సన్నగా అత్త గొంతు వినబడినట్టయింది. నేను ఆగలేక తలుపుకు చెవి ఆనించానో లేదో తలుపు తెరుచుకుంది.

"ఏందిరా సచ్చినోడా, తలుపుకు బల్లి లెక్క అతుక్కున్నవ్? మామ మొకం చూడు, ఎట్ల పీక్కపోయిందో! పొద్దటి సంది జర టీ అన్న తాపిచ్చినవా?"

మామ బెంచీ మీద కూర్చుని కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. అంత కమ్మని తిట్టు నేను మళ్లీ వినలేదు. ఆ తరవాత కూడా కొన్నాళ్లు ఖమ్మం తిరిగాం. పుట్టింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా విని పిల్ల, మరి మీ అత్త లోపలేం చెప్పింది అని అడిగింది. నాకు తెలియదన్నాను. అత్త చెప్పలేదు, మామకు చెప్పిందో లేదో నేను అడగలేదు. కథల్లో ఎలుగుబంటికి సైతం సిగ్గు తెప్పించిన నేను ఆ గదిలోకి మాత్రం ఇంతవరకూ ఒక్క కథనూ తోలలేదు.

ఇప్పటి పిల్లలు ఫోనులోనే టైము తీసుకొని ఒంటరిగా పోయి వస్తున్నారు. తాయెత్తులూ లేవు, కరెంటు పుకార్లూ లేవు, మంచిదే. కానీ ఒక్క మనిషి దిగులుకు జీపు నిండా కదిలిన ఆ మనుషులూ లేరు. రేపు తోడు రానా అని అడిగాను.

"రా పెదనాన్నా, కానీ బయటనే కూర్చోవాలి, తలుపుకు చెవి పెట్టొద్దు."

బయట కూర్చోవడం నాకు బాగానే వచ్చు. చెవి సంగతి మాత్రం మాటివ్వలేదు. తలుపు తెరిచి నన్నెవరైనా అట్లా తిట్టి ఎన్నేళ్లయిందో.