శుభలేఖ ముక్క

మా ఆటో ఎలక్ట్రీషియన్ మేస్త్రిగారు పోయారని కిందటి నెల పొద్దున్నే కబురొచ్చింది. ఏడవాల్సిన నాకు ముందు కోపం వచ్చింది. ఆయన పేరు మీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోయింది, దాన్ని వేసినవాడు మాత్రం రామచంద్రపురంలో దర్జాగా తిరుగుతున్నాడు.

మేస్త్రిగారి పనిముట్టల్లా రెండు తీగలు కట్టిన చిన్న బల్బు. దాన్ని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో కళ్ళజోడు కంటే భద్రంగా పెట్టుకునేవారు. మొరాయించిన కారుని కూడా "ఏవండీ, ఏమైందండీ" అని పలకరించేవారు. నాబోటివాడు రోగం ఊహించి చెప్పబోతే, "నోటితో కాదండి, లైటు పెట్టి చూడండి" అనేవారు.

తొంభైల్లో మా చెల్లెలి పెళ్ళి ముందు నా టాక్సీ ఇంజను చేతులెత్తేసింది. మేస్త్రిగారే వెతికి మంచి పాత ఇంజను కొనిపించారు. బిగించే పని మార్కెట్ దగ్గర పెద్ద షెడ్డాయనకి ఇచ్చాను. ఇంజను తన ద్వారా కొనలేదని ఆయనకి కడుపుమంట. అది తెలియక, శుభలేఖలు అచ్చయి వచ్చిన రోజే నాలుగు మూలలా పసుపు రాసి, ఒకటి దేవుడి దగ్గర పెట్టి, రెండోది ఆయన చేతికే ఇచ్చాను.

మర్నాడు వెళ్తే సెల్ఫు తిరుగుతోంది, స్పార్కు లేదు. పదిమందీ వింటుండగా, "మీ మేస్త్రి కొనిపించింది చచ్చిన ఇంజనండి" అన్నాడు. పెళ్ళికొడుకు వాళ్ళని పిఠాపురం నుంచి తేవాల్సిన బండి అది. తాడు కట్టించి మేస్త్రిగారింటికి లాక్కెళ్ళాను.

ఆయన బల్బు తీగ ఒకటి బాడీకి, ఒకటి కాయిల్‌కి తగిలించి నన్ను సెల్ఫు కొట్టమన్నారు. బల్బు మిణుకు మిణుకుమనాలి. అది నిలకడగా వెలుగుతూనే ఉంది. "లోపల పాయింట్లు కలవట్లేదండి" అని డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. తాకుతూ విడిపోతూ ఉండాల్సిన ఆ రెండు పాయింట్ల మధ్య చిన్న అట్టముక్క. ఓ మూల పసుపు, పక్కన "చి.ల.సౌ." అన్న అక్షరాలు. అప్పటికి నేను పంచిన శుభలేఖ ఆ ఒక్కటే. ముక్క తీసి సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకుంది.

జాకీ రాడ్డు పట్టుకుని బయల్దేరాను. మేస్త్రిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "శుభకార్యం పెట్టుకుని తగువేంటండి" అన్నారు.

పెళ్ళయింది. తన మనుషుల్ని పంపి ఆ ఇంజను తనే బాగుచేయించానని షెడ్డాయన ఊరంతా చెప్పుకున్నాడు. జనం నమ్మారు. మేస్త్రిగారికి బేరాలు తగ్గాయి, అయినా ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. ఆ ముక్కని ఇన్నేళ్ళూ పర్సులో దాచాను.

పెద్దకర్మ రోజు మేస్త్రిగారి భార్య రుమాలుతో సహా ఆ బల్బు నా చేతిలో పెట్టారు. కాసేపటికి షెడ్డాయన తన పాత కార్లో దిగాడు. ముందు వరస కుర్చీలో కూర్చుని, "పాపం, ఆయనకి పని నేర్పింది నేనేనండి" అన్నాడు. నేను లేచి బయటికెళ్ళి అతని కారు బానెట్ ఎత్తాను. ఆపడానికి మేస్త్రిగారు లేరు.

భోజనాలయ్యాక అతను తాళం తిప్పాడు. సెల్ఫు తిరిగింది, అంతే. నాలుగుసార్లు తిప్పేసరికి జనం పోగయ్యారు. చెమట తుడుచుకుంటూ, "కాస్త మన మేస్త్రిని..." అనబోయి నాలిక్కరుచుకున్నాడు.

నేను రుమాలు విప్పి బల్బు తగిలించాను. నిలకడగా వెలిగింది. మూత అతన్నే తీయమన్నాను. తీశాడు. పాయింట్ల మధ్య అట్టముక్క మీద వెలిసిన పసుపు, ఆ అక్షరాలు చూశాడు.

"అదేంటో వీళ్ళందరికీ చెప్పండి" అన్నాను.

"మేస్త్రి కొనిపించిన ఆ ఇంజను మంచిదేనండి" అన్నాడు నేల చూస్తూ.

గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు. మేస్త్రిగారి భార్య గుమ్మంలో నిలబడి విన్నారు. నా చేతిలో బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది, ఆర్పాలనిపించలేదు.